అగ్గిపుల్లలు అయిపోయాక ఎలా బతకాలి: ద లాంగ్ డార్క్‌లో మళ్ళీ దొరికేవి, దొరకనివి

ద లాంగ్ డార్క్ అంటే గడ్డకట్టే చలి దీవిలో ఒంటరిగా బతకాల్సిన వీడియో గేమ్. వొయేజర్ అందులో ఒక కష్టస్థాయి, మిస్టరీ లేక్ ఒక ప్రాంతం. తమ్ముడు అడిగింది ఇది: "అన్నా, ద లాంగ్ డార్క్‌లో వొయేజర్ స్థాయిలో 60 రోజులు దాటాను. మొదటినుంచీ మిస్టరీ లేక్ క్యాంప్ ఆఫీస్‌లోనే ఉన్నాను. అగ్గిపుల్లలు 14, తూటాలు 9 మిగిలాయి. డబ్బా తిండి నాలుగు రోజులకు మించి రాదు. గుడ్డ ముక్కలు రెండే. వీటిలో ఏవి మళ్ళీ దొరుకుతాయి, ఏవి దొరకవు? ఏం తయారు చేసుకుంటే ఇంకో వంద రోజులు లాగుతాను?"

మిగతాది చదివే ముందు ఒక పని చెయ్యి. నీ సంచిలో గానీ, ఇంట్లో ఏదైనా పెట్టెలో గానీ పచ్చి తోళ్ళు, పచ్చి పేగులు ఉంటే ఇప్పుడే తీసి క్యాంప్ ఆఫీస్ నేల మీద పరిచెయ్. సంచిలో ఉంటే అవి ఎండవు, పెట్టెలో పెట్టినా ఎండవు. ఇంటి లోపల నేల మీద ఉంటేనే ఎండుతాయి. కుందేలు తోలుకి 3 రోజులు, పేగుకి 5, జింక తోలుకి 5, తోడేలు తోలుకి 7, మూస్ (జింక జాతి పెద్ద జంతువు) తోలుకి 10, ఎలుగు తోలుకి 12 రోజులు పడుతుంది. నువ్వు ఎంత బాగా ఆడినా ఈ రోజులు ఒక్కటి కూడా తగ్గవు. అందుకే ఇది మొదట చెప్పాను. (నిజంగా తోలు ఊనడం ఇంత తేలిక కాదు. మన వైపు తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలో తోళ్ళను ఎన్నో రోజులు ఉంచేవాళ్ళు. ఆటలో ఆ కష్టమంతా తీసేసి కాలాన్ని మాత్రం మిగిల్చారు.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను 2017లో ఆట పూర్తిగా విడుదలైనప్పటి నుంచి ఆడుతున్నాను. నేను చెప్పేది మూల ఆటకే వర్తిస్తుంది, తర్వాత డబ్బు పెట్టి కొనుక్కునే అదనపు భాగానికి కాదు. నువ్వున్న 60వ రోజు దగ్గర చాలామంది పడిపోతారు. ఇళ్ళల్లో దొరికిన సరుకు సరిగ్గా అప్పుడే అడుగంటుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కానీ నా అనుభవంలో ఎక్కువమందిని ముంచేది దుబారా కాదు, అతి పొదుపు. నా మొదటి పెద్ద ఆటలో 87వ రోజు చలికి చనిపోయాను. అప్పుడు నా పెట్టెలో 31 అగ్గిపుల్లలు, 12 తూటాలు అలాగే ఉన్నాయి. ఒంటి మీద మాత్రం చిరిగిన జీన్స్, చేతులకి సగం అరిగిన ఉలెన్ గ్లవ్స్. తూటాలు అయిపోతాయన్న భయంతో జింకల్ని వదిలేశాను. జింకలు లేకపోతే తోలు లేదు, పేగు లేదు. ఆ ఆట తర్వాత నేను ఒకటే పద్ధతి పాటిస్తున్నాను: తిరిగి రాని వస్తువుని తిరిగి వచ్చే వస్తువు కోసమే ఖర్చు పెట్టాలి, అదీ తొందరగా పెట్టాలి. నీకు ఇవ్వబోయే సలహా అంతా దీని చుట్టూనే ఉంటుంది.

ముందు నిప్పు. ఈ ఆటలో నీళ్ళు కూడా నిప్పే. మంచు ఎంత కావాలంటే అంత ఉంది. కానీ దాన్ని కరిగించి, మరిగించాలంటే పొయ్యి వెలగాలి. కట్టె పుల్లలు అయిపోవు, చెట్ల కింద, ముఖ్యంగా మంచు తుఫాను వెళ్ళాక, కొత్తవి రాలి ఉంటాయి. గుహల్లో, గనుల్లో నేలబొగ్గు కూడా కొన్నాళ్ళకి మళ్ళీ కనిపిస్తుంది. అంటే మండేదానికి కొరత లేదు, రాజేసేదానికే కొరత. నీ 14 అగ్గిపుల్లల టెన్షన్ అదే.

దానికి మందు భూతద్దం. వొయేజర్‌లో అది దొరుకుతుంది. నీ దగ్గర లేకపోతే డ్రాయర్లు మళ్ళీ ఒకసారి వెతుకు. భూతద్దం అరగదు, అయిపోదు. మబ్బు లేని పగలు, ఆరుబయట, ఎండ నేరుగా పడే చోట అయితే చాలు. "ఇంట్లో పొయ్యి వెలిగించడానికి అది పనికిరాదు కదా" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. పనికొస్తుంది. గుమ్మం బయట నాలుగు పుల్లలతో చిన్న మంట వెయ్యి. అందులోంచి కాగడా తియ్యి. వెలుగుతున్న కాగడాతో లోపలికి వెళ్ళి పొయ్యి అంటించు. ఒక్క అగ్గిపుల్ల కూడా కాలదు. గాలి వీచే వైపు నిలబడితే కాగడా ఆరిపోతుంది కాబట్టి మంట గోడ చాటున వెయ్యి.

రాత్రి పొయ్యి ఆరకముందే ఇంకో కాగడా తీసి దాచుకోవడం అలవాటు చేసుకో. తీసిన కాగడా సగం అరిగి ఉన్నా పర్వాలేదు, విడగొడితే కట్టె పుల్ల వస్తుంది. తుఫాను కమ్మి మూడు రోజులు ఎండ రాకపోతే, అప్పుడు మాత్రమే అగ్గిపుల్ల తీస్తావు. ఈ లెక్కన 14 అగ్గిపుల్లలు నీకు నెలలు వస్తాయి. నిప్పు రాజేసే నైపుణ్యం 3వ మెట్టుకి చేరాక ఎండుగడ్డి, కాగితం లాంటివి కూడా అక్కర్లేదు. రోజూ భూతద్దంతో చిన్న మంటలు వేస్తూ పోతే ఆ మెట్టు దానంతట అదే వస్తుంది. అందుకే ఎండ ఉన్న రోజున అవసరం లేకపోయినా నేను ఒక మంట వేస్తాను, ఒక లీటరు నీళ్ళైనా కాచుకుంటాను.

ఇక పేగు. నన్నడిగితే ఈ ఆటలో అసలు డబ్బు ఇదే. కొత్తగా ఆడేవాళ్ళు మాంసం కోసుకుని, తోలు తీసుకుని, పేగు వదిలేసి వెళ్ళిపోతారు. సంచి బరువు 30 కేజీలు దాటకూడదు కదా, దేన్నో ఒకదాన్ని వదలాలి అనుకుంటారు. మాంసం వదిలెయ్యి, పేగు వదలకు. కుందేలుకి ఒకటి, జింకకి రెండు, తోడేలుకి రెండు పేగులు వస్తాయి. ఉచ్చుకి అదే కావాలి, గాలానికి అదే కావాలి, విల్లుకి అదే, తోలు బట్టలకి దారమూ అదే.

ఉచ్చు సంగతి చూడు. ఒక చెక్క ముక్క, ఒక ఎండిన పేగు కలిపితే ఒక ఉచ్చు అవుతుంది. చెక్క కుర్చీలు, అరలు విరగ్గొడితే దొరుకుతుంది. కుందేళ్ళు తిరిగే చోట నాలుగైదు ఉచ్చులు పెట్టి, రోజుకొకసారి చూసుకుంటే చాలు. మొదటి కుందేలు పడగానే నువ్వు పెట్టిన పేగు నీకు తిరిగి వచ్చేసినట్టే, పైగా తోలు, మాంసం మిగులు. ఉచ్చులు అప్పుడప్పుడు విరుగుతాయి. అయినా లెక్క ఎప్పుడూ నీ వైపే మొగ్గుతుంది.

ఉచ్చు పడే వరకు ఆగలేకపోతే రాళ్ళు ఉన్నాయి. రాయి విసిరి కుందేలుకి తగిలిస్తే అది కాసేపు తూలుతుంది, వెంటనే వెళ్ళి పట్టుకోవచ్చు. రాయికి ఖరీదు లేదు, అరుగుదల లేదు. గురి కుదరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చెయ్యి ఒకసారి కుదిరాక మాత్రం నీ తూటాల్లో ఒక్కటి కూడా కుందేలు మీద పెట్టాలనిపించదు.

అయితే కుందేలు మీద మాత్రమే బతకలేవు. లెక్క వేసి చూపిస్తాను. ఆట ప్రాథమిక లెక్కలో నిద్రలో గంటకి 75 కేలరీలు, నిలబడి ఉంటే 125, నడుస్తుంటే సుమారు 270 ఖర్చవుతాయి. స్థాయిని బట్టి ఇవి కాస్త అటూ ఇటూ అవుతాయి. 10 గంటలు నిద్ర, 10 గంటలు ఇంటి పని, 4 గంటలు నడక అనుకుంటే రోజుకి దాదాపు 3,000 కేలరీలు. కుందేలు మాంసం కేజీకి ఇచ్చే బలం జింక మాంసంలో దాదాపు సగం. పైగా ఒక కుందేలుకి వచ్చే మాంసమే కొంచెం. అదే ఒక జింకకి 8 నుంచి 10 కేజీల మాంసం వస్తుంది, అది రెండు రోజులకు పైగా లాగుతుంది. (ఉత్తర కెనడా అడవుల్లో నిజంగానే కుందేలు మాంసం ఒక్కటే తిన్నవాళ్ళు కొవ్వు అందక నీరసించి పడిపోయిన సంగతులున్నాయి. ఆటలో అంత లోతుకి వెళ్ళలేదు గానీ, కేలరీల లెక్క అదే దిక్కు చూపిస్తుంది.) కుందేళ్ళని తోలు కోసం, పేగు కోసం, చేతి కింద చిల్లర తిండి కోసం పట్టు. కడుపు నింపడానికి జింక, చేప.

చేపల విషయంలో నువ్వు అదృష్టవంతుడివి. క్యాంప్ ఆఫీస్ ముందున్న చెరువు మీదే చేపలు పట్టే గుడిసెలున్నాయి. ఒక ఇనుప తుక్కు ముక్కకి రెండు గాలపు ముళ్ళు, ఒక ఎండిన పేగుకి రెండు దారాలు వస్తాయి. అంటే ఒక్క పేగుతో రెండు గాలాలు. ఇనుప తుక్కు మళ్ళీ పుట్టదు గానీ, ఈ దీవిలో ఎంత ఉందంటే వందల రోజులు ఆడినా నాకు ఎప్పుడూ కొరత రాలేదు. చేపలు తరగవు. వాటినుంచి లాంతరుకి నూనె కూడా వస్తుంది. రాత్రి గనిలోకి బొగ్గుకి వెళ్ళడానికి ఆ నూనె చాలు. గుడిసెలో ఉన్న పొయ్యి వెలిగించుకుని కూర్చుంటే ఒకే మంట మీద చలి కాచుకోవచ్చు, నీళ్ళు కాచుకోవచ్చు, చేప కాల్చుకోవచ్చు. నేను తుఫాను రోజులకి ముందు ఒక పూట అంతా అక్కడే గడుపుతాను.

గాలానికి ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని చాలామంది గమనించరు. కుట్టు సామాను అయిపోతే గాలంతో కూడా బట్టలు బాగు చేసుకోవచ్చు. దుకాణపు కుట్టు సామాను ఒకసారి అయిపోతే అంతే. గాలం మాత్రం నీ చేతి పని, ఎన్నైనా చేసుకోవచ్చు. కాబట్టి కుట్టు సామాను గురించి దిగులు వద్దు.

గుడ్డ గురించి మాత్రం దిగులు సబబే. ఇళ్ళల్లో తెరలు, దుప్పట్లు చించితే వచ్చేది ఆ ఒక్కసారికే. అందుకే గుడ్డతో బాగు చేయాల్సిన బట్టలనుంచి తోలు బట్టల వైపు మారాలి. తోలు బట్టలు ఆ జంతువు తోలుతోనే బాగవుతాయి, జంతువులు మళ్ళీ వస్తాయి. నా వరస ఇలా ఉంటుంది: ముందు కుందేలు తోలు చేతి తొడుగులు, తర్వాత జింక తోలు బూట్లు, ఆ తర్వాత జింక తోలు ప్యాంటు. చేతులూ కాళ్ళూ ముందు ఎందుకంటే మంచు కాటు అక్కడే మొదలవుతుంది. అది ఒకసారి వస్తే నీ ఆరోగ్యంలో కొంత భాగం ఎప్పటికీ తిరిగి రాదు. తోడేలు కోటుకి నాలుగు తోళ్ళు కావాలి. తోడేళ్ళని వెతుక్కుంటూ వెళ్ళకు, అవే వస్తాయి, వచ్చినప్పుడల్లా తోలు తీసి నేల మీద పడెయ్. మూస్ దొరికితే ఆ మొదటి తోలుతో వేరే ఆలోచన లేకుండా సంచి కుట్టుకో. 5 కేజీలు ఎక్కువ మోయగలవు. మాంసం ఇంటికి చేర్చే ప్రతి ప్రయాణంలోనూ ఆ తేడా తెలుస్తుంది.

నీ రెండు గుడ్డ ముక్కల్ని బట్టలకి వాడకు. కట్టుకి దాచు. ఒక ముక్కకి రెండు కట్లు వస్తాయి. రక్తం కారుతున్నప్పుడు వేరే ఏదీ పనికిరాదు.

తూటాల దగ్గరికి వద్దాం. తొమ్మిది తూటాలు. దాచకు. ఇవి నీ విత్తనాలు, తినేసినా నష్టమే, గాదెలో పెట్టి పుచ్చిపోనిచ్చినా నష్టమే. రెండు మూడు ఎలుగు మీద పెట్టు. ఇంటి గుమ్మం దగ్గరలో నిలబడి కాల్చి, వెంటనే లోపలికి వెళ్ళిపో. దెబ్బ సరిగ్గా తగిలితే అది రక్తం పోయి తర్వాత పడిపోతుంది. ఒక ఎలుగుకి వారానికి పైగా సరిపడా మాంసం, బోలెడన్ని పేగులు, ఒక తోలు. మిగతావి జింకల మీద పెట్టు. ఈ తొమ్మిది అయ్యేసరికి నీ నేల మీద ముప్పై రోజుల పనికి సరిపడా తోలూ పేగూ ఎండుతూ ఉండాలి. ఎలుగు మాంసం, తోడేలు మాంసం తినేటప్పుడు మాత్రం జాగ్రత్త. వంట నైపుణ్యం 5వ మెట్టు చేరేవరకు వాటివల్ల కడుపులో పురుగులు పట్టే ప్రమాదం ఉంది. మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి వండితే ఆ మెట్టు త్వరగా వస్తుంది. అంతవరకు ఆ మాంసాన్ని ఆరుబయట మంచులో ఉంచు, అక్కడ నెమ్మదిగా పాడవుతుంది.

తూటాలు పోయాక విల్లు. దీనికోసం ఇప్పటినుంచే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇందులో తిరిగి రాని ముక్క ఒకటి ఉంది. విల్లుకి ఒక ఎండిన లేత మేపుల్ కర్ర, రెండు ఎండిన పేగులు కావాలి. ఒక లేత బర్చ్ కర్రకి మూడు బాణం కాడలు వస్తాయి. కాడకి ఒక ములికి (ఇనుప మొన), మూడు కాకి ఈకలు కలిపితే బాణం. కాకి ఈకలకి కొరత లేదు, ఆకాశంలో కాకులు గుండ్రంగా తిరుగుతుంటే కింద చూడు, ఈకలూ ఉంటాయి, ఏదో ఒక కళేబరమూ ఉంటుంది. బాణం విరిగినా ములికి నీకు తిరిగి దక్కుతుంది. కానీ లేత కర్రలు ఒకసారి నరికితే ఆ చోట మళ్ళీ మొలవవు. విల్లు కూడా వాడేకొద్దీ అరిగి విరిగిపోతుంది, బాగు చేయడానికి ఉండదు. కాబట్టి దారిలో లేత కర్ర కనిపిస్తే "తర్వాత చూద్దాం" అనకు, నరికి తెచ్చి నేల మీద ఎండబెట్టు.

ములుకులకి కొలిమి కావాలి. నీకు దగ్గరలో ఉన్నది ఫోర్లార్న్ మస్కెగ్ అనే చిత్తడి ప్రాంతంలోని స్పెన్స్ కుటుంబం ఇంటిది. మిస్టరీ లేక్ నుంచి రైలు పట్టాలు పట్టుకుని వెళ్తే వస్తుంది. అక్కడ బురద నేల మీది పల్చటి మంచు కాలు పెడితే విరుగుతుంది, పట్టాల నుంచి దూరంగా అడ్డదారులు తొక్కకు. కొలిమి వేడి 150 డిగ్రీలు దాటాలి, ఆ వేడి బొగ్గుతోనే వస్తుంది. బరువైన సుత్తి లేకపోతే అక్కడికి వెళ్ళీ లాభం లేదు. ఒక తుక్కు ముక్కకి రెండు ములుకులు. వెళ్ళేది ఒకేసారి కాబట్టి కనీసం పది ములుకులు చేసుకో. కుదిరితే ఒక కత్తి, ఒక గొడ్డలి కూడా చేసుకో, ఎందుకంటే నీ సానరాయి కూడా ఒక రోజు అరిగిపోతుంది. సుత్తి బరువు, బొగ్గు బరువు, తుక్కు బరువు కలిపితే సంచిలో తిండికి చోటుండదు. ఆ ప్రయాణానికి చెరువు గట్ల మీది జమ్ము కాడలు (క్యాట్‌టెయిల్) తీసుకెళ్ళు. ఒక్కోటి 150 కేలరీలు, బరువు లేనట్టే, ఎన్నాళ్ళున్నా చెడిపోవు. అవి మళ్ళీ మొలవవు కాబట్టి ఇంట్లో కూర్చుని తినకు, ప్రయాణాలకి మాత్రమే.

రోజ్‌హిప్ కాయలు, రీషి పుట్టగొడుగులు, చెట్లకి వేలాడే ఓల్డ్ మ్యాన్స్ బియర్డ్ పాచి కూడా మళ్ళీ రావు. నొప్పికి, ఇన్ఫెక్షన్‌కి, పుండు కుళ్ళకుండా ఉండడానికి అవే మందులు. కోయకుండా ఉన్నంతకాలం ఎక్కడికీ పోవు. ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకుని, అవసరమైనప్పుడు వెళ్ళి కొయ్యి. బర్చ్ బెరడు మాత్రం మళ్ళీ దొరుకుతుంది, దాంతో కాచిన టీ రోజూ తాగొచ్చు.

ఇప్పుడు నీకు నచ్చకపోవచ్చు గానీ చెప్పాలి: మిస్టరీ లేక్ వదిలిపెట్టు. పూర్తిగా కాదు. కొలిమి పని అయ్యాక రావైన్ అనే లోయ మీదుగా సముద్రం పక్కనున్న కోస్టల్ హైవే ప్రాంతానికి మారు. కారణం సముద్రం. తుఫాను తర్వాత ఒడ్డుకి రకరకాల వస్తువులు కొట్టుకొస్తాయి. కట్టెలు, గుడ్డ, అన్నిటికన్నా ముఖ్యంగా లేత మేపుల్, బర్చ్ కర్రలు. ఇందాక తిరిగి రావని చెప్పిన వాటికి అదొక్కటే దారి. జాక్‌రాబిట్ ఐలాండ్ ఇల్లు నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు: చుట్టూ కుందేళ్ళు, దగ్గరలో చేపల గుడిసెలు, అన్ని వైపులా ఒడ్డు. కొట్టుకొచ్చిన వస్తువులు చాలాసార్లు మంచు అంచున, పల్చటి చోట పడి ఉంటాయి. మంచు చిట్లిన చప్పుడు వినపడితే వచ్చిన దారినే వెనక్కి నడువు. నీళ్ళలో పడితే బట్టలన్నీ గడ్డకట్టి, ఎండలో ఉన్నా ప్రాణం మీదకు వస్తుంది. ఒక కర్ర కోసం అంత తెగించకు, ఇంకో తుఫాను వస్తుంది.

రెండు చోట్లా ఇల్లు ఉంచుకోవడంలో ఇంకో లాభం. రోజులు గడిచేకొద్దీ జంతువులు తిరిగి రావడానికి ముందుకన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఒకే చెరువు గట్టున ఉన్న జింకలన్నిటినీ వేటాడేస్తే 100వ రోజు తర్వాత ఖాళీ మంచు తప్ప ఏమీ కనిపించదు. ఇరవై రోజులు ఇక్కడ, ఇరవై రోజులు అక్కడ తిరిగితే రెండు చోట్లా నీకోసం ఏదో ఒకటి ఉంటుంది. అలా తిరిగితే ఎక్కువకాలం ఇంట్లోనే కూర్చుంటే వచ్చే క్యాబిన్ ఫీవర్ బెడద కూడా ఉండదు. అది వస్తే 24 గంటలపాటు ఇంట్లో నిద్రపోలేవు, చలి రాత్రుల్లో అది చాలా ప్రమాదం.

బ్లీక్ ఇన్‌లెట్ అనే ప్రాంతంలో తూటాలు తయారు చేసుకోవచ్చని ఎవరో చెప్పారని కూడా రాశావు. నిజమే, మందుగుండుకి కావలసిన కట్టెబొగ్గు నీ పొయ్యిలోనే వస్తుంది. కానీ గంధకం, చెట్టు మొద్దులు తొలగించే మందు మళ్ళీ పుట్టవు. నీ ఇప్పటి బట్టలతో అక్కడి తోడేళ్ళ మధ్యకి వెళ్ళొద్దు. తోడేలు కోటు, పది బాణాలు వచ్చాక ఆలోచిద్దాం.

ఈ వారం ఇలా చెయ్యి. ఈరోజు తోళ్ళూ పేగులూ నేల మీదకి. రేపటినుంచి రాళ్ళతో కుందేళ్ళు, రెండు తూటాలతో జింకలు. ఎండ వచ్చిన మొదటి రోజున భూతద్దం మంట. ఐదో రోజుకి పేగులు ఎండుతాయి, ఆ రోజే నాలుగు ఉచ్చులు, రెండు గాలాలు. డబ్బా తిండి ఉన్న నాలుగు రోజులూ ఈ పనులకి చాలతాయి. సుత్తి నీ దగ్గర ఉందో లేదో నువ్వు రాయలేదు. ఉంటే మస్కెగ్ ప్రయాణానికి తుక్కు ఎంత పట్టుకెళ్ళాలో లెక్క వేసి పెడతాను. లేకపోతే ముందు దాన్ని వెతకాలి. ఇప్పటిదాకా ఏ ఇళ్ళు, ఏ బండ్లు తెరిచి చూశావో రాయి, మిగిలినవి ఏవో చూసి చెప్తాను.